పరలోకానికి మా పెద్దమ్మ కొలతలు

మా పెద్దమ్మకి మనిషి కనబడితే చాలు, పరలోకానికి వెళ్తాడో వెళ్ళడో అక్కడికక్కడే తేల్చి చెప్పేయాలి. ఆవిడకున్న జబ్బల్లా అదొక్కటే. మిగతా విషయాల్లో వెన్నలాంటి మనిషి.

తీర్పు రెండు ముక్కల్లో ఉండేది. "నువ్వు వస్తావు." లేదా "నువ్వు రావు." తను వెళ్ళడం ఎప్పుడో ఖాయమైపోయింది కాబట్టి, ఇక తన వెంట ఎవరెవరు వస్తారన్నదే ఆవిడ బెంగ. కొత్తవాళ్ళు బిత్తరపోయి "ఎక్కడికండీ?" అనేవాళ్ళు. ఆవిడ సమాధానం చెప్పకుండా చూపుడువేలు పైకెత్తేది. వాళ్ళు తలెత్తి చూస్తే మా ఇంటి సీలింగు ఫ్యాను తిరుగుతూ కనబడేది.

పెద్దమ్మ బట్టలు కుట్టేది. ముందు గదే దుకాణం. కిటికీ పక్కన మిషను, గోడ పొడవునా కత్తిరింపుల బల్ల, మెళ్ళో టేపు, చెవి వెనక సుద్దముక్క. నేను చదువు కోసం చిన్నప్పటి నుంచీ ఆ ఇంట్లోనే ఉన్నాను గనక ఈ తీర్పులన్నీ కళ్ళారా చూశాను. మెడ కొలిచేది, భుజం కొలిచేది, నడుం కొలిచేది, ఆ పట్టున మనిషిని కూడా కొలిచేసేది. "చేతుల పొడవు సరిపోయింది. నడుం దగ్గర కాస్త వదులు పెడతాను. నువ్వు రావు. శుక్రవారం వచ్చి పట్టుకెళ్ళు."

రాడన్నవాడికి శుక్రవారం అంటే శుక్రవారమే. అదీ అసలు విచిత్రం. పెద్దమ్మ లెక్క ప్రకారం, పరలోకానికి వెళ్ళేవాడికి అక్కడ అన్నీ అమర్చి ఉంటాయి. వెళ్ళనివాడికి ఉన్నదంతా ఇక్కడే. కాబట్టి వాడికి ఇక్కడైనా లోటు రాకూడదు. వాడి బట్టలు ముందు కుట్టాలి, వాడి గుండీలు గట్టిగా వేయాలి, వాడొస్తే మంచి కుర్చీ వేయాలి. పుణ్యాత్ములేమో బెంచీ మీద కూర్చుని తమ వంతు కోసం ఎదురుచూడాలి. ఈ సంగతి వీధిలో పాకిపోయాక జనం దుకాణంలోకి వస్తూనే, అడక్కుండానే తమ పాపాలు చెప్పుకోవడం మొదలుపెట్టారు.

"అమ్మా, నిన్న మా ఆవిడతో అబద్ధమాడాను. పెళ్ళి ఆదివారమే, సూటు తొందరగా కావాలి."

"ఏం అబద్ధం?"

"తన వంట బాగుందని."

"అది అబద్ధం కాదు, సంసారం. నువ్వు వస్తావు. బెంచీ మీద కూర్చో."

మా చర్చి పాస్టరుగారు ఓసారి కోటు కుట్టమని గుడ్డ ఇచ్చారు. చీమ ఎదురైనా పక్కకి తప్పుకునే రకం ఆయన. పెద్దమ్మ ఆయన భుజాలు కొలుస్తూ, "మీరు వస్తారు, అందులో ఢోకా లేదు" అంది. పాస్టరుగారు పొంగిపోయారు. పాపం, ఆ మాటతో తన కోటుకి ఏ గతి పట్టిందో ఆయనకి తెలియదు. గుడ్డ బీరువాలోకి వెళ్ళింది. వానలు వచ్చాయి, పోయాయి. చలికాలం వచ్చింది.

"అమ్మా, నా కోటు..."

"మీకేం తొందరండీ? అక్కడ ధగధగలాడే తెల్లంగీ మీ కోసం మడతపెట్టి ఉంది. ఆ మూలింటి లాయరుగారిని చూడండి, పాపం. ఆయనకి ఈ నాలుగు రోజులేగా! ముందు ఆయన సూటు కానివ్వండి."

ఇలా ఎన్నిసార్లు తిరిగారో! చివరికి ఒక పొద్దున్న ముక్కు ఎర్రబడి, వణుక్కుంటూ వచ్చి, "అమ్మా, నేనూ మనిషినే! నాకూ చలేస్తుంది!" అని కత్తిరింపుల బల్ల మీద గుద్దారు. సుద్దముక్కలు ఎగిరిపడ్డాయి. పెద్దమ్మ కళ్ళజోడు సర్దుకుంది. "కోపం" అంది జాలిగా. "పాస్టరుగారూ, మీరు రారు." మర్నాటికల్లా కోటు తయారు. లోపలివైపు ఆయన అడగని జేబు కూడా ఒకటి కుట్టింది. ఆ ఆదివారం ఆయన ఆ కోటు వేసుకుని సహనం గురించి ప్రసంగం చేశారు.

ఇక ఇంట్లో సంగతి. భోజనాల బల్ల దగ్గర కూడా ఇదే చట్టం. చేప వండితే నడిముక్కలు రానివాళ్ళవి, తోక ముక్క వచ్చేవాళ్ళది. మా పెదనాన్న పోస్టాఫీసులో పనిచేసి రిటైరయ్యాడు, ఎవరి జోలికీ వెళ్ళని మనిషి. ఆయనకి న్యాయంగా రావలసింది తోక ముక్కే. కానీ ఆయన తెలివైనవాడు. ప్రతి ఆదివారం చర్చిలో సరిగ్గా ప్రసంగం మొదలవగానే గురక పెట్టేవాడు. అది దొంగ గురక అని నాకు తెలుసు, మధ్యమధ్య ఒక కన్ను తెరిచి పెద్దమ్మ చూస్తోందో లేదో చూసుకునేవాడు. "దేవుడి మందిరంలో గుర్రు! ఈయన రాడు!" అని పెద్దమ్మ తల కొట్టుకునేది. మధ్యాహ్నం ఆయన కంచంలో నడిముక్క పడేది.

నా గతే అధ్వానం. నేను పుట్టినప్పుడే ఒళ్ళోకి తీసుకుని "ఇది వస్తుంది" అందట. ఇక అంతే. నా చిన్నతనమంతా ముళ్ళు ఏరుకోవడంతోనే గడిచింది. ఓసారి పంతం పట్టి పంచదార డబ్బా ఖాళీ చేసి, నేనే తిన్నానని ఎదురెళ్ళి మరీ చెప్పాను.

"పెద్దమ్మా, నేను దొంగతనం చేశాను."

"చేసి, నీ అంతట నువ్వే వచ్చి ఒప్పుకున్నావా?" పెద్దమ్మ కళ్ళు చెమ్మగిల్లాయి. "ఏమండీ, చూశారా? దీన్ని ఎవరూ ఆపలేరు. ఇది వస్తుంది!"

ఆ పూట తోక ముక్క మరీ చిన్నది వచ్చింది.

సరే, ఇంతమందిలోకీ పెద్దమ్మ దృష్టిలో ససేమిరా రానివాడు ఒకడున్నాడు. మా ఎదుటింటి మెకానిక్కు. టైపు మిషన్లు బాగుచేసే మనిషి. కొట్టు నిండా మిషన్లు ఉండేవి, బాగుచేయించుకునేవాళ్ళు మాత్రం ఉండేవాళ్ళు కాదు. కంప్యూటర్లు వచ్చి ఆయన పనిని మింగేశాయి. అయినా పొద్దున్నే కొట్టు తెరిచి, ప్రతి మిషనూ తుడిచి, నూనె వేసి, చేతులు కడుక్కుని గుమ్మం వైపు చూస్తూ కూర్చునేవాడు. పెళ్ళీ పెటాకులూ లేవు. పౌరుషం మాత్రం ఇంత ఉంది. ఎవరైనా కాఫీ ఇవ్వబోతే "ఇప్పుడే తాగానండీ" అనేవాడు, ఏ వేళలో అడిగినా.

నాకు ఊహ తెలిసేసరికే ఆయన మధ్యాహ్నం భోజనం మా ఇంట్లో. అదెలా మొదలైందో పెదనాన్న చెప్పేవాడు. పెద్దమ్మ కుట్టు మిషను బిగుసుకుపోతే ఆయన్ని పిలిచారట. బాగుచేశాక పెద్దమ్మ భోజనానికి కూర్చోమంది.

"ఇప్పుడే తిన్నానండీ."

"అలాగా. ఏ చర్చికి వెళ్తావు తమ్ముడూ?"

"ఏ చర్చికీ వెళ్ళనండీ. దేవుడు లేడు."

పెద్దమ్మ గుండెల మీద చెయ్యేసుకుంది. "లేడా? అయితే నువ్వు రావు! అస్సలు రావు! అయ్యో పాపం, ముందు ఇలా కూర్చో."

"చెప్పాను కదండీ, తిన్నానని."

"అంత మంటలోకి వెళ్ళేవాడివి, నా గడప మీంచి ఖాళీ కడుపుతో పంపమంటావా? రేపు ఆ ప్రభువు నన్ను అడగడూ?"

మెకానిక్కుకి ఒళ్ళు మండింది. మంటా లేదు, గింటా లేదు అని నిరూపించడానికి కూర్చున్నాడు. నిరూపిస్తూ నిరూపిస్తూ తిన్నాడు. మర్నాడు సరిగ్గా భోజనాల వేళకి, "అక్కయ్యగారూ, మీరు నిన్నన్న దానికి నాకో సమాధానం తట్టింది" అంటూ వచ్చాడు. ఇక ఆ వాదన ఏళ్ళ తరబడి తెగలేదు.

"అక్కయ్యగారూ, లోకం పుట్టినప్పటి నుంచీ పోయినవాళ్ళందరూ అక్కడ పడతారా? చోటెక్కడిది?"

"చాలకపోతే ఇంకో గది వేస్తాడు. వడ్రంగం చేసిన చెయ్యి ఆయనది."

"మరి ఆ చేత్తోనే నాకూ ఓ గది వేయొచ్చు కదా?"

"నువ్వు రావుగా! మాటలు ఆపి తిను, చల్లారిపోతోంది."

ఆయన పకపకా నవ్వి నడిముక్క అందుకునేవాడు. తను పుచ్చుకుంటున్నది దయ కాదు, నరకానికి పోతున్నందుకు ముందే ఇస్తున్న నష్టపరిహారం. అలా అయితే పౌరుషానికేం ఇబ్బంది?

నేను చదువు ముగించి ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఒకరోజు మెకానిక్కు కొట్టు గుమ్మంలోనే కూలబడిపోయాడు. ఆస్పత్రిలో చేర్పించాం. గుండెలో కవాటం పాడైందనీ, ఆపరేషన్ చేస్తే నిక్షేపంలా తిరుగుతాడనీ, చేయకపోతే ఎన్నాళ్ళో చెప్పలేననీ డాక్టరు అన్నాడు. ఆ ఆస్పత్రిలో ఖర్చు బెడద లేదు. ఆయన ఒక్క "సరే" అంటే చాలు. ఆయన అనడం లేదు. డాక్టరు అడిగితే "చూద్దాంలెండి" అంటున్నాడు, నర్సు అడిగినా అదే మాట. చివరికి నేను వెళ్ళి మంచం పక్కన కూర్చున్నాను.

"మావయ్యగారూ, ఎందుకు వద్దంటున్నారు? భయమా?"

"కోతకి భయమేంటమ్మాయ్! నేనెన్ని మిషన్లు విప్పి బిగించలేదు?" అని దిండు సర్దుకున్నాడు. "ఒకవేళ ఆ బల్ల మీదే పోయాననుకో. మీ పెద్దమ్మ నన్ను రావు అంది కదా."

నాకు నవ్వు ఆగలేదు. తీరా చూస్తే ఆయన నవ్వడం లేదు. దుప్పటి అంచు వేళ్ళతో నలుపుతున్నాడు.

"అసలు దేవుడే లేడంటారు కదా మీరు?"

"లేడనే అంటాను. కానీ ఆవిడ ఉన్నాడంటుంది. ఇన్నేళ్ళలో ఆవిడ నోట ఒక్క అబద్ధం వినలేదు నేను. దేవుడి మీద నాకు నమ్మకం లేదమ్మాయ్. మీ పెద్దమ్మ మీద ఉంది."

ఇంటికొచ్చి పెద్దమ్మకి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆవిడ కాలరు కుడుతోంది. చక్రం మీద చెయ్యి వేసి మిషను ఆపేసింది. సగం కుట్టులో మిషను ఆపడం నేనెప్పుడూ చూడలేదు.

"నమ్మాడా?" అంది. "నిజంగా నమ్మేశాడా వెర్రి నాగన్న?"

మొహం చిన్నబోయింది. లేచి వంటింట్లోకి వెళ్ళింది. క్యారియర్ సర్దుకుని, "పద" అంది.

వార్డులో మెకానిక్కు ఆవిడని చూడగానే లేచి కూర్చోబోయాడు. పెద్దమ్మ కుర్చీ లాక్కుని, ముందూ వెనకా లేకుండా మొదలుపెట్టింది.

"తమ్ముడూ, నువ్వు వస్తావు."

ఆయన ఒక్క క్షణం ఆవిడ మొహంలోకి చూసి, తల అడ్డంగా ఊపాడు. "ఓదార్చడానికి అంటున్నారు. ఈ అమ్మాయి చెప్పేసి ఉంటుంది."

"నేను ఓదార్పు మాటలు అనే మనిషినేనా?"

"మంచం పట్టినవాడి దగ్గర ఎవరైనా అలాగే అంటారు అక్కయ్యగారూ."

"ఆయన సిలువ మీద ఉండి కూడా పక్కనున్న దొంగని వెంటబెట్టుకు వెళ్ళాడయ్యా. జన్మలో ఒక్క మంచిపని చేయని దొంగని! నిన్ను వదిలేస్తాడా?"

"ఆ దొంగ నోరు తెరిచి అడిగాడు. నేనెప్పుడూ అడగలేదుగా."

"నీ తరఫున నేను అడుగుతున్నాను, రోజూ, పొద్దున్నే, మిషను ఎక్కే ముందు!"

"ఎందుకూ? నన్ను రాడని మీరే తీర్పు చెప్పి, మళ్ళీ మీరే అడగడమేంటి?"

పెద్దమ్మ ఇరుకున పడింది. అసలు సంగతి చెప్పాలంటే ఇన్నేళ్ళ భోజనాల గుట్టు విప్పాలి. విప్పితే ఆపరేషన్ సంగతి అటుంచి, ఆ పౌరుషం మనిషి ఇక మా గడప తొక్కడు. చెప్పకపోతే ఇదిగో, ఇలా భయపడుతూ ఆ మంచం మీదే ఉండిపోతాడు. ఆవిడ చేతులు ఒళ్ళో పెట్టుకుని అటూ ఇటూ చూసింది. చివరికి క్యారియర్ విప్పింది.

పై గిన్నెలో చేప కూర. వాసనకి పక్క మంచం ఆయన ఇటు తిరిగాడు. పెద్దమ్మ తనకొకటి, మెకానిక్కుకొకటి కంచం పెట్టింది. ఆయన అలవాటు కొద్దీ నడిముక్క కోసం చూశాడు. పెద్దమ్మ గరిటెతో నడిముక్క తీసింది, ఆ కంచం మీదుగా దాటించి తన కంచంలో వేసుకుంది. మళ్ళీ గిన్నెలో వెతికి తోక ముక్క తీసి ఆయనకి వేసింది.

మెకానిక్కు తోక ముక్క వంక చూశాడు. పెద్దమ్మ వంక చూశాడు.

"ఏంటి చూస్తావు? అక్కడ నీకు బల్ల వేసి వడ్డించడానికి సిద్ధంగా ఉన్నారు. ఇక్కడ కూడా నడిముక్కే కావాలా? ఆశకి అంతుండాలి" అని పెద్దమ్మ తినడం మొదలుపెట్టింది. వండి వడ్డించడమే తప్ప ఆవిడ నడిముక్క నోట్లో పెట్టుకోవడం అదే మొదటిసారి అనుకుంటాను. రెండు ముద్దలు తిని, మధ్యలో ఆగి, "ఇది ఇంత బాగుంటుందా!" అంది మనస్ఫూర్తిగా.

మెకానిక్కు భుజాలు కదిలాయి. ఏడుస్తున్నాడేమోనని నేను కంగారుపడ్డాను. నవ్వుతున్నాడు. కళ్ళ వెంట నీళ్ళు కారుతుంటే నవ్వుతున్నాడు. ఓదార్పు మాటలు ఎవరైనా అంటారు. కానీ మా పెద్దమ్మ ఒకడి నడిముక్క లాగేసుకుందంటే ఆ తీర్పుకి తిరుగులేదని ఆయనకి తెలుసు.

"అయితే నిజంగానేనా అక్కయ్యగారూ?"

"ముళ్ళున్నాయి, మాట్లాడకుండా తిను."

ఆయన ఒక్కొక్క ముల్లే ఏరుకుని మొత్తం తిన్నాడు. చెయ్యి కడుక్కుని నర్సుని పిలిచి, డాక్టరుగారితో సరేనని చెప్పమన్నాడు.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో పెద్దమ్మని నిలదీశాను. "ఇన్నేళ్ళూ ఆయన్ని రావు, రావు అన్నదెందుకు?"

"ఊరికే పెడితే తింటాడా? వెనక గదిలో స్టవ్వు వెలిగించడం మానేశాడని కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. బతిమాలితే తిన్నానంటాడు. తిట్టి పెడితే తిన్నాడు."

"మరి లాయరుగారు? పాస్టరుగారు? వీధిలో సగం మంది?"

"ఒక్కడినే అంటే తెలిసిపోదూ? అందుకని అందరినీ అనాల్సొచ్చింది." కిటికీలోంచి బయటకి చూసి, గొంతు తగ్గించింది. "సరదాగా కూడా ఉండేదిలే."

"పోనీ, నిజం చెప్పు. ఎవరు వెళ్తారు, ఎవరు వెళ్ళరు?"

"నాకేం తెలుసే? తలుపు దేవుడిది. నేను గుడ్డలు కుట్టుకునేదాన్ని." తర్వాత తనలో తను అనుకుంటున్నట్టుగా అంది. "కానీ ఆయన్ని నేను ఎరిగినంతవరకూ, తలుపు వేసి గడియ పెట్టుకునే మనిషి కాడు."

నాకు ఆవిడ మీద ఎంత ప్రేమ పుట్టుకొచ్చిందంటే, నా బాల్యంలోని తోక ముక్కలన్నీ ఆ బస్సులోనే మాఫీ చేసేశాను.

ఆపరేషన్ బాగా జరిగింది. మెకానిక్కు చిక్కి సగమై ఇంటికొచ్చాడు. చొక్కా కొక్కేనికి తగిలించినట్టు వేలాడుతోంది. ఆయన వచ్చిన ఆదివారం పాస్టరుగారిని కూడా భోజనానికి పిలిచాం. పెద్దమ్మ పొద్దున్నించీ ఏదో పరధ్యానంగా ఉంది. ఎందుకో బల్ల దగ్గర కూర్చున్నాక అర్థమైంది. ఆ మనిషికి బలమైన తిండి పెట్టాలి. కానీ ఆవిడే స్వయంగా ఆయన్ని పరలోకానికి పంపించేసింది. తన చట్టం తన మెడకే చుట్టుకుంది.

పాస్టరుగారు కళ్ళు మూసుకుని కృతజ్ఞతా ప్రార్థన చేశారు. ముగించగానే అందరి కంటే గట్టిగా ఒక "ఆమెన్" వినబడింది.

అందరం కళ్ళు తెరిచి మెకానిక్కు వైపు చూశాం. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. పెద్దమ్మ గరిటె గాల్లోనే ఆగిపోయింది. ఆమెన్ కూడా అనేశాక ఇక నడిముక్క ఆశ వదులుకోవలసిందే. ఆయన పెద్దమ్మని చూశాడు, గరిటెని చూశాడు, తన చొక్కా వంక చూసుకున్నాడు. ఇన్నేళ్ళ భోజనాల సంగతీ ఆ క్షణంలోనే ఆయనకి పూర్తిగా అర్థమైందనుకుంటాను. అర్థమయ్యాక లేచి వెళ్ళిపోతాడేమోనని భయపడ్డాను.

మెకానిక్కు గొంతు సవరించుకున్నాడు. కంచం చేత్తో పట్టుకుని, ఇన్నేళ్ళలో మొదటిసారి తనే ముందుకి చాపాడు.

"అక్కయ్యగారూ, ఆస్పత్రిలో బాగా ఆలోచించాను. దేవుడు లేడండీ."

పెద్దమ్మ మొహం వెలిగిపోయింది. "విన్నారా పాస్టరుగారూ? చచ్చి బతికొచ్చి కూడా ఏమంటున్నాడో విన్నారా? ఇతను రాడు!" అంటూ ఒకటి కాదు, రెండు నడిముక్కలు వేసింది. మెకానిక్కు కళ్ళు తుడుచుకుని తినడం మొదలుపెట్టాడు. పాస్టరుగారు తల వంచుకుని కంచంలోకి నవ్వుకున్నారు.

గిన్నెలో ఇంకొక్క నడిముక్కే మిగిలింది. పెదనాన్న దాని వైపు చూస్తూ చిన్నగా దగ్గాడు.

"ప్రార్థన జరిగినంతసేపూ నేను కళ్ళు తెరుచుకునే ఉన్నాను. మరి నా సంగతేంటి?"